ఎవరూ అడగని లాప్‌టాప్

వైదాము, కోరో దీవి
జూన్ 3

మరదలు పిల్ల తొరికాకు,

ఫోను ఉండగా ఈ వదిన ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నావని తెలుసు. నవ్వుకో. మా ఊళ్ళో సిగ్నలు అందేది బడి వెనక దిబ్బ మీద ఒక్కచోటే. నేనక్కడ నిలబడి హలో అంటే నా వెనక వరసలో ఉన్న ఎనిమిదిమందీ నీకు హలో చెబుతారు. ఇప్పుడు రాయబోయేది ఆ ఎనిమిదిమంది వినకూడదు. అందుకే కవరు అంటించి, ఓడలో వంటచేసే జోపె చేతికిస్తున్నాను. కళ్ళజోడు లేకుండా జోపెకి అక్షరం కనపడదు. ఆ కళ్ళజోడు సముద్రంలో పడి ఆర్నెల్లయింది.

సంగతేమిటంటే, నాకొక లాప్‌టాప్ కావాలి.

ఇంట్లో ఒకటుందిగా అంటావు. ఉంది. ఎక్కడుందో తెలియదు, అంతే. మీ అన్నయ్య ఎమోసి ఊరిపెద్ద అయినప్పటి నుంచి అది ఇంట్లో పడుకోలేదు. సోమవారం పాస్టరుగారు ప్రసంగం రాసుకోవడానికి అడిగారు. బుధవారం ఆసుపత్రి నర్సు అడిగింది. శనివారం కుర్రకారు రగ్బీ చూడటానికి అడిగారు. కెరెకెరె అన్నాక కాదనేదెవరు? చుట్టం నోరు తెరిచి అడిగితే చేతిలోది ఇచ్చేయాలి. లేదన్నవాడి మొహం ఊళ్ళో ఎవరూ చూడరు. మీ అన్నయ్యకైతే ఇవ్వడమే పని. నా చెప్పులు కూడా ఒకసారి ఇచ్చేశాడు, నా కాళ్ళకి ఉండగానే.

నా టీచరు డిప్లొమాకి ఇంకా రెండు పేపర్లున్నాయి. అక్టోబరు ముప్పై ఒకటిలోగా టైపు చేసి పంపాలి. గడువు రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించేది లేదని ఉత్తరం వచ్చింది. పంపకపోతే జనవరిలో నా రెండో తరగతి గది, సర్టిఫికెట్ ఉన్న ఇంకో టీచరుకి వెళ్ళిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో నిలబడుతున్నాను తొరికా. ఆ గది లేకుండా నేనేం చేస్తానో నాకు తెలియదు.

చాపలు అల్లి అమ్మితే మూడు వందల డాలర్లు వచ్చాయి. అందులో రావాలి. ఇంకో షరతు, ఇదే ముఖ్యం: చూసినవాళ్ళకి అడగాలనిపించకూడదు.

నీ వదిన
అలుమిత

నంబువా, సువా
జూన్ 14

వదినకి,

ఉత్తరం అందింది. దాని మీద వేయించిన చేపల వాసన కూడా అందింది.

స్కూలు యూనిఫాంలు కుట్టే దాన్ని పట్టుకుని లాప్‌టాప్ కొనిపెట్టమన్నావు. సరే. రెండు శనివారాలు తిరిగాను. బట్టని చూసినట్టే చూశాను, తిప్పి లోపలి కుట్టు పరిశీలించి.

మొదట పెద్ద కొట్టుకి వెళ్ళాను. వెండిరంగుది, వేలెడు మందం లేదు, తొమ్మిది వందల డాలర్లు. అమ్మే కుర్రాడు "అక్కా, దీని బరువు చూడు, దూదే" అన్నాడు. దూది కుడితే నిలవదని చెప్పి వచ్చేశాను. మీ ఊళ్ళో అది రేవు నుంచి ఇంటికి కూడా చేరదు.

తర్వాత ఇంకోటి, కొత్తదే, నాలుగు వందల యాభై. దాని లోపల చోటు ఎంతంటే, కొట్లో తెరిచీ తెరవగానే "నిండిపోయింది, ఏదైనా తీసెయ్యి" అంది. ఏమీ పెట్టకముందే కడుపు నిండినదాన్ని ఇంటికి తెచ్చి ఏం చేస్తాం?

చివరికి బస్టాండు వెనక మున్సామి కొట్టు. ఆస్ట్రేలియా ఆఫీసుల్లో వాడి వదిలేసినవి తెప్పించి బాగుచేసి అమ్ముతాడు. ముసలాయన నిజం చెబుతాడు, అదే ఆయన వ్యాపారానికి దెబ్బ. "అమ్మా, ఇది పాతదే. కానీ లోపల డిస్కు కొత్తది వేశాను, తిరిగే రకం కాదు, పడేసినా చావదు. మెమరీ ఎనిమిది. కావలసింది టైపు కొట్టుకోడానికా, సినిమాలు తీయడానికా?" అని అడిగాడు. టైపుకే అన్నాను. అయితే ఇంతకు మించి పెట్టడం దండగ అన్నాడు.

ఎలా ఉంటుందంటావా? నల్లగా, రోటి బండంత బరువుగా ఉంటుంది. మూత ఓ మూల పగిలితే టేపు వేశారు. మూత మీద ఏదో ఆఫీసువాళ్ళు అంటించిన చీటీ ఒకటుంది: "ఇది కార్యాలయపు ఆస్తి. ఇక్కడి నుంచి కదల్చరాదు." మున్సామి గీకబోతే వద్దన్నాను.

నీకింకేమైనా షరతులుంటే ఇప్పుడే చెప్పు.

తొరికా

వైదాము
జూన్ 25

బంగారు తల్లీ,

ఆ చీటీ కోసమైనా కొనాల్సిందే. డబ్బు జోపె చేత పంపాను. చేపల గంపలో, చేపల కింద ఉంటుంది. కడుక్కో.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, బ్యాటరీ సంగతి చూడు. మా కప్పు మీది సోలారు పలకతో దీపాలూ ఫోన్లూ నడవడమే గగనం. మధ్యాహ్నం రెండు గంటలు ఛార్జి పెడితే, బడి వదిలాక మూడు గంటలు పనిచేస్తే చాలు. పాటలు అక్కర్లేదు, బొమ్మలు అక్కర్లేదు. తెర మీద మెరుపు ఎంత తక్కువైతే అంత మంచిది.

మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన చెడ్డవాడని కాదు, మంచివాడనే భయం.

ఇక్కడి కబురు ఒకటే. మీ అమ్మ మేనత్త లుసియానా మామ్మ మే నెలలో పోయింది కదా, ఆగస్టులో నూరో రోజు పెడుతున్నారు. ఆవిడ పుట్టిల్లు నకోరోనియు కాబట్టి మీ మేనమామలంతా కొండ దాటి వస్తారు. నువ్వు కూడా రాకూడదూ? మేనమామల ఊరు మొహం చూసి పదకొండేళ్ళయిందట. మొన్న వాళ్ళ ఆవిడల్లో ఒకతె నన్నడిగింది, "మా ఆడపడుచు కూతురు ఎలా ఉంది?" అని. లావయిందని చెప్పాను.

నీ వదిన

నంబువా
జూలై 12

వదినకి,

కొన్నాను. రెండు బ్యాటరీలు ఇమ్మని మున్సామిని గంటసేపు కూర్చుని ఒప్పించాను. ఒకటి అయిపోతే తీసి ఇంకోటి పెట్టుకో. నువ్వు పంపింది సరిపోయింది. సరిపోలేదని ఎవరైనా చెబితే నమ్మకు.

ఇప్పుడు పంపడం గురించి. అట్టపెట్టెలో పంపితే రేవులోనే "ఏమిటమ్మా అది?" అంటారు. సంచిలో పెడితే తడిమి చూస్తారు. నాలుగు రోజులు ఆలోచించాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను: బిస్కట్ డబ్బా! పెద్ద రేకుది. మా కుట్టుకొట్టులో దారపు ఉండలు వేసుకునే ఖాళీ డబ్బా ఉంది. లాప్‌టాప్ నిలువుగా సరిగ్గా పట్టింది. చుట్టూ గుడ్డముక్కలు కుక్కి, ఛార్జరు అడుగున పెట్టి, మూత అతికించాను. గుర్తుకి అడుగున ఎర్రదారం అంటించాను. బిస్కట్ డబ్బా ఓడ దిగితే ఎవరైనా తల తిప్పి చూస్తారా?

పందొమ్మిదో తారీకు ఓడలో వస్తుంది.

నూరో రోజుకి నాకు సెలవు దొరకదు. లావయ్యానని ఎవరు చెప్పమన్నారు నిన్ను?

తొరికా

వైదాము
జూలై 20

తొరికా,

తల తిప్పి చూశారు.

డబ్బా పడవలోంచి ఇసుక మీద దిగింది. నేను చెయ్యి వేసేలోపల, నూరో రోజు ఏర్పాట్లు చూస్తున్న వసితి అత్త చెయ్యి వేసింది. పక్కన పాస్టరుగారు, వెనక సగం ఊరు.

"అలుమితా, నూరో రోజున పుట్టింటివాళ్ళకి పెట్టడానికి బిస్కట్ డబ్బాలు చాలడం లేదే తల్లీ. నకోరోనియు వాళ్ళ ముందు తలవంపులైపోతుంది. కెరెకెరె, ఇదిచ్చెయ్" అంది.

ఏమని చెప్పను? బిస్కట్లు కావంటే మరేమిటంటారు. మూత తీస్తే, చుట్టాలకి తెలియకుండా దాచుకుందంటారు. నేనే ఎత్తి ఆవిడ భుజం మీద పెట్టాను. "ఇంత బరువేమిటే?" అంది. సువా బిస్కట్లు గట్టిగా ఉంటాయన్నాను.

ఇప్పుడది చర్చి వెనక గదిలో నలభై డబ్బాల మధ్య ఉంది.

అలుమిత

నంబువా
జూలై 29

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో వసితి అత్తని. మూడోది రాస్తుంటే తిట్టాల్సింది నన్నేనని తెలిసింది. చావుకైనా పెళ్ళికైనా మనవాళ్ళు మొదట వెతికేది బిస్కట్ డబ్బానే కదా! అన్నేళ్ళు దీవిలో పెరిగి, పట్నంలో దారపు ఉండలు వేసుకుంటూ అదే మరిచిపోయాను.

నూరో రోజు ఆగస్టు పదమూడు. ఈలోగా ఆ గదిలో సాయం చేస్తానని దూరు. అడుగున ఎర్రదారం. దాని చోట ఇంకో డబ్బా పెట్టు. నీకా మాత్రం చేతకాదా?

తొరికా

వైదాము
ఆగస్టు 18

తొరికా,

చేతకాలేదు.

సాయం చేస్తానని దూరాను. డబ్బాలన్నీ తిరగేసి అడుగులు చూస్తుంటే వసితి అత్త వచ్చి, "ఏమిటే, కొబ్బరికాయల్లా ఊపి చూస్తున్నావు, నీళ్ళున్నాయా?" అంది. తుడుస్తున్నానన్నాను. "అయితే అన్నీ తుడువు" అని గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. నలభై ఒక్క డబ్బాలు తుడిచాను. మనది ముప్పై నాలుగోది. ఆవిడ చూస్తుండగా ఎత్తుకెళ్ళలేక, అన్నిటికంటే వెనక్కి నెట్టాను, చివర మిగిలితే తెచ్చుకోవచ్చని. పదమూడో తారీకున గది వెనక తలుపు తీసి, వెనక నుంచి మోశారు.

చాపలూ, మర్యాదకి ఇచ్చే తిమింగలపు పన్నూ, డబ్బాలూ అన్నీ పద్ధతిగా నకోరోనియు వాళ్ళ ముందు పెట్టారు, వాళ్ళు పద్ధతిగా చప్పట్లు కొట్టి అందుకున్నారు. అలా ఇచ్చినదాన్ని తిరిగి అడగడమంటే ఊరి పరువు తీసి రోడ్డు మీద పెట్టడమే.

నిన్న ఆ ఊరి నుంచి నలుగురు పెద్దమనుషులు పందిని తోలుకుంటూ వచ్చారు. "బిస్కట్ల మధ్య కంప్యూటరు పెట్టి, ఒక్క మాట గొప్ప చెప్పుకోకుండా ఇచ్చారే, మీది మామూలు ఊరు కాదు" అని మీ అన్నయ్యకి మొక్కారు. ఆయనకి ఏ కంప్యూటరో తెలియదు. అయినా గంభీరంగా తలూపి, "అది మా పద్ధతి" అన్నాడు. పంది బాగా బలిసింది.

అది మీ పెద్దమామ ఇలైతియా ఇంట్లో ఉందట.

నేను అడగలేను. మీ అన్నయ్య వాళ్ళ మేనల్లుడే అయినా, ఇచ్చిన ఊరికి పెద్ద కాబట్టి చెయ్యి చాపలేడు. ఊళ్ళో ఎవరూ అడగలేరు. మేనకోడలికి అడగాల్సిన పనే లేదు, మామల ఇంట్లో ఏది కావాలంటే అది ఎత్తుకుపోవచ్చు. ఒక్కసారి రాస్తున్నాను, మళ్ళీ రాయను.

అలుమిత

నంబువా
ఆగస్టు 30

వదినా,

వెళ్ళను.

ఎందుకో నీకు తెలుసు, సగం. మిగతా సగం చెబుతాను. అమ్మ పోయినప్పుడు ముగ్గురు మామలూ తిమింగలపు పన్ను పట్టుకుని ఈ ఇంటికి వచ్చారు, శవాన్ని నకోరోనియులో పాతిపెట్టుకుంటామని అడగడానికి. నాన్న ఒప్పుకునేవాడే. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అమ్మ ఆర్నెల్లు ఆసుపత్రిలో ఉంటే ఒక్కడు రాలేదు. "బతికుండగా రాని వాళ్ళకి చచ్చాక ఎందుకు? మీ ఊరి నుంచి నేనో చిల్లపెంకు కూడా ముట్టను" అన్నాను. అందరి ముందూ అన్నాను. ఇలైతియా మామ ఆ పన్ను చంకలో పెట్టుకుని ఓడెక్కాడు. అమ్మ ఇక్కడే సువా శ్మశానంలో ఉంది.

ఇప్పుడు వెళ్ళి, చిల్లపెంకు కాదు, లాప్‌టాప్ తీసుకుంటానని చెప్పనా?

ఇంకోటి కొందామంటే మున్సామి వాయిదాలు ఒప్పుకుంటాడేమో అడుగుతాను.

తొరికా

వైదాము
సెప్టెంబరు 8

తొరికా,

నువ్వు రాసింది చదివాను. వెళ్ళవద్దు. నేను రాయకుండా ఉండాల్సింది. ఇంకోటి కొనవద్దు, నీ ఇల్లు ఎలా గడుస్తోందో నాకు తెలుసు. మొన్నటిది కూడా నా డబ్బుతో సరిపోలేదని జోపె చెప్పాడు. సువా రేవులో నీ మాటలు విన్నాడట. కళ్ళు కనపడని వాళ్ళకి చెవులు బాగా పనిచేస్తాయి.

నా గురించి బెంగపడకు. ఒక పేపరు చేత్తో రాసేశాను, అరవై నాలుగు పేజీలు. చేతిరాత తీసుకునేది లేదని కాలేజీవాళ్ళు అన్నారు, అయినా చదువుకున్నది ఎక్కడికీ పోదు కదా. ఎమోసి లాప్‌టాప్ దొరికింది. రగ్బీ చూస్తూ ఎవరో దానిమీద కూర్చున్నారు.

పిల్లలకి జనవరి నుంచి కొత్త టీచరు వస్తుందని చెప్పడం మొదలుపెట్టాను. ముందే అలవాటు చేస్తే మంచిది. ఒక పిల్ల, "మీరెక్కడికి వెళ్తారు టీచర్?" అంది. ఎక్కడికీ వెళ్ళను, ఇక్కడే ఉంటానన్నాను. "మరి కొత్త టీచరెందుకు?" అంది. లెక్కలు చేయించాను.

ఇక్కడ వానలు బాగున్నాయి.

అలుమిత

నకోరోనియు, కోరో దీవి
సెప్టెంబరు 20

వదినా,

పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. వచ్చాను. నీ "వానలు బాగున్నాయి" చదివి యూనిఫాం చేతులు రెండూ ఒకేవైపు కుట్టాను. యజమానురాలు మూడు రోజులు సెలవిచ్చి పొమ్మంది.

ఓడ దిగేసరికి ఎవరూ రాలేదు, నేను చెప్పలేదు కాబట్టి. నడుచుకుంటూ ఇలైతియా మామ ఇంటికి వెళ్ళాను. పదకొండేళ్ళలో ఆయన చాలా చిన్నవాడైపోయాడు. గుమ్మంలో కూర్చుని చేమదుంపలు గీకుతున్నాడు. నన్ను చూసి గీకడం ఆపాడు. ఓడలో తయారుచేసుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

"మామా, మీ ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉందట. అది ఇస్తారేమోనని అడగడానికి..."

లోపలి నుంచి అత్త ఒక్క కేక వేసింది. "అడుగుతావేమిటే! మేనకోడలివై ఉండి అడుగుతావా? మా పరువు తీయడానికి వచ్చావా? ఎత్తుకుపో!"

లోపలికి వెళ్ళాను. లుసియానా మామ్మ ఫోటో పక్కన తెల్లగుడ్డ మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే అత్త చీటీ చూపించింది. "ఇక్కడి నుంచి కదల్చరాదు" అని రాసుందట, పెద్దవాళ్ళు రాసిన మాట కాబట్టి పాటించారట. ఇన్నాళ్ళకి ఆ చీటీ మాట విన్నది వీళ్ళొక్కళ్ళే.

నేను లాప్‌టాప్ చేతుల్లోకి తీసుకున్నాక మామ లేచి వచ్చాడు. "ఆ రోజు నువ్వన్నది నిజమేనమ్మా. మేం రాలేదు" అన్నాడు. ఎందుకు రాలేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. "పదకొండేళ్ళుగా మా చెల్లెలి కూతురు వచ్చి ఏదో ఒకటి ఎత్తుకుపోతుందని చూస్తున్నాం. ఎత్తుకుపోయే మేనకోడలు లేని ఇల్లు ఒక ఇల్లా?" అన్నాడు.

వదినా, నేను ఏడ్చాను. రోటి బండలాంటి ఆ లాప్‌టాప్‌ని పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఊరంతా వచ్చి చూసింది. లాప్‌టాప్ ఒక్కటే తీసుకుంటే మనసు నొచ్చుకునేట్టున్నారని ఒక కోడిని కూడా ఎత్తుకొచ్చాను. కోడి నన్ను పొడిచింది.

ఓడ రేపే తిరిగి వెళ్తుంది, అందుకే నీ దగ్గరికి రాలేను. మామ కొండ దాటి స్వయంగా తెచ్చి ఇస్తానన్నాడు. ఇప్పుడు జాగ్రత్తగా విను. ఇది నీది కాదు. నేను హక్కుగా తీసుకున్నది కాబట్టి నాది. నీ ఇంట్లో దాచుకుంటున్నాను. ఎవరైనా కెరెకెరె అంటే, "నాది కాదు, తొరికాది, నకోరోనియు మేనకోడలు ఎత్తుకొచ్చిన సొత్తు" అని చెప్పు. ఇతరుల సొత్తు ఇవ్వమని అడిగే ధైర్యం మీ వసితి అత్తకి కూడా లేదు.

కూర్చుని టైపు చెయ్యి.

తొరికా

వైదాము
నవంబరు 29

నా తొరికాకు,

పాసయ్యాను. రెండూ. అక్టోబరు ఇరవై తొమ్మిదిన బడి దిబ్బెక్కి పంపించాను. వెనక వరసలో నిలబడ్డ ఎనిమిదిమందీ చప్పట్లు కొట్టారు, దేనికో తెలియకుండానే. రెండో తరగతి నాదే. కొత్త టీచరు రాదని పిల్లలకి చెప్పాను. ఆ పిల్ల, "అయితే లెక్కలు కూడా మీరేనా?" అని నీరసపడింది.

నీ మాట అక్షరాలా పనిచేసింది. పాస్టరుగారు అడిగారు, తొరికాది అన్నాను, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వసితి అత్త వచ్చి చీటీ చదివి వెళ్ళిపోయింది. మీ అన్నయ్యకి మొత్తం కథ చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "అయితే ఆ పంది మనం తినకూడదేమో" అన్నాడు. అప్పటికే తినేశాం.

నిన్న ఇలైతియా మామ చేమదుంపల బుట్టతో వచ్చాడు. చాప మీద కూర్చుని, టీ తాగి, గొంతు సవరించుకున్నాడు. నాకు భయం వేసింది, లాప్‌టాప్ అడుగుతాడేమోనని.

"అలుమితా, కెరెకెరె. మా మేనకోడలు నీ మాట వింటుంది. దాన్ని అడుగుతున్నాను, నీ దగ్గర. ఏడాదికోసారైనా వచ్చి ఏదో ఒకటి ఎత్తుకుపొమ్మను. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ సమాధి మీది మట్టి గుప్పెడు తెమ్మను. మా అమ్మ పక్కన వేసుకుంటాను" అన్నాడు.

నాది కానిది నేనెలా ఇవ్వగలనని అనబోయాను. నువ్వు నేర్పిన మాటే. కానీ ఆ ముసలాయన మొహం చూశాను. ఇచ్చేశాను తొరికా. నిన్ను ఇచ్చేశాను.

ఎర్రదారం ఉన్న డబ్బా మామే తిరిగి తెచ్చాడు. అదే జోపె చేత పంపుతున్నాను. భయపడకు, ఈసారి అందులో ఉన్నవి బిస్కట్లే. అడుగున ఓడ టిక్కెట్టు ఉంది.

నీ వదిన
అలుమిత